ఛోటా భీమ్ వీడియో బిళ్లలు: తెలుగు పాఠమునకు ప్రతుల విచారము

వాఙ్మయ పరిశోధనకు మొదటి మెట్టు ప్రతి. ప్రతి లేనిదే పాఠము లేదు. పాఠము నిశ్చితము కానిదే భాషను గూర్చి గాని, కర్తను గూర్చి గాని చేయు నిర్ణయమునకు పునాది లేదు. తాళపత్ర గ్రంథముల విషయమున ఈ సూత్రమును కాదను పండితులు లేరు. కాని నేటి బాలబాలికలు దినదినము వినుచున్న తెలుగులో పెద్దభాగము తాటియాకుపై గాని కాగితముపై గాని లేదు. అది టెలివిజన్ బొమ్మల కథలలో, అనగా జనులు కార్టూన్ సీరియళ్లని పిలుచువానిలో, అన్యభాషలనుండి డబ్బింగు చేయబడిన సంభాషణల రూపమున నున్నది. ప్రసారము వినినంతనే గాలిలో కలసిపోవును. దానికి గృహములలో నిలిచిన ప్రతి యేదైన నున్నచో, అది అంగళ్లలో వీసీడీ, డీవీడీ అను పేళ్లతో అమ్ముడుపోయిన వీడియో బిళ్లయే.

ఈ బిళ్లలను బాలక్రీడాసామగ్రిగా నెంచి విద్వాంసులు నేటివఱకు ఉపేక్షించిరి. అవి తెలుగు అనువాద వాఙ్మయమునకు సంబంధించిన ప్రతులనియు, వానిని ప్రతులవలెనే సేకరించి వర్ణింపవలసి యున్నదనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇందులకు ఛోటా భీమ్ సీరియలు ప్రధానోదాహరణముగను, ఢిల్లీలోని సరోజినీ నగర్ పరిశీలనస్థలముగను గ్రహింపబడినవి.

1. వీరుని స్వరూపము

ఛోటా భీమ్ హైదరాబాదున జన్మించిన సృష్టి. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దానిని నిర్మించినది. 2008లో పోగో ఛానలునందు ప్రసారము మొదలైనది. ఢోలక్‌పూర్ అను కల్పిత రాజ్యము, దానికి ఇంద్రవర్మ అను రాజు, తొమ్మిదేండ్ల భీముడు, అతని స్నేహితురాలు చుట్కీ, చిన్నవాడైన రాజు, మాటలాడు కోతి జగ్గు, ఎదిరిపక్షమున కాలియా, వాని అనుచరులైన ఢోలు భోలులు ఇందలి పాత్రలు. లడ్డు తినినంతనే భీమునకు బలము ఇనుమడించును. 2012లో ఈ వీరుని కథ వెండితెఱకెక్కినది. 2024లో అదియే కథ నటీనటులతో మఱల చిత్రముగా తీయబడినది. తెలుగు రాజధానిలో పుట్టిన ఈ వీరునకు దేశవ్యాప్తమైన కీర్తిని తెచ్చినది హిందీ ప్రతి. తెలుగువారి యింట పుట్టిన పాత్ర తెలుగు మాటను డబ్బింగు ద్వారమున పొందుట గమనింపదగిన విషయము.

అమెరికా దేశపు సూపర్‌హీరోలతో పోల్చినచో భీముని ప్రత్యేకత స్పష్టమగును. ఫ్లైషర్ సోదరుల చిత్రశాలలో సూపర్‌మ్యాన్ బొమ్మల చిత్రములు 1941లో వెలువడ నారంభించినవి. 1992లో బ్యాట్‌మ్యాన్ టెలివిజన్ సీరియలు మొదలైనది. ఆ వీరులకు మాఱువేషము, రహస్యమైన రెండవ పేరు ఆవశ్యకములు. ఛోటా భీమ్‌కు రహస్యము లేదు. ఊరివారందఱు అతని నెఱుగుదురు. అతని బలమునకు మూలము ప్రయోగశాల కాదు, వంటయిల్లు. ఈ అంశమున అతడు కవిత్రయ భారతములోని భీమునకు దూరపు చుట్టము. నన్నయ ఆదిపర్వమున బకునికై తెచ్చిన యన్నమును తానే భుజించిన భీముని, తిక్కన విరాటపర్వమున వలలుడను పేర వంటశాల నేలిన భీముని ఎఱిగిన శ్రోతకు లడ్డుతో బలము వచ్చుట వింత కాదు. నలభీమపాకమను పలుకుబడి నేటికిని తెలుగిండ్ల పెండ్లిపందిళ్లలో వినబడుచునే యున్నది.

ఇదే సంస్థ నిర్మించిన మైటీ రాజు సీరియలు అమెరికా మార్గమునకు సమీపముగా నున్నది. అందు గర్భవతియైన తల్లి ఒక వైజ్ఞానిక ద్రవమును త్రాగుటచే బాలునకు అద్భుతశక్తులు కలుగును. అభిమన్యుడు గర్భమున నుండియే పద్మవ్యూహమును గూర్చి వినెనను కథ తెలిసినవారికి ఇదియు కొంత పరిచితమైన పోకడయే. పేరులోని విశేషణము మాత్రము ఇంగ్లీషు. ఒకటి హిందీ విశేషణముతో, మఱియొకటి ఇంగ్లీషు విశేషణముతో వెలసిన ఈ రెండు వీరనామములలో తెలుగు విశేషణమునకు చోటు దొరకలేదు.

2. బిళ్ల యనగా నేమి

ప్రతిని వర్ణించుటకు ముందు దాని ద్రవ్యమును తెలిసికొనవలెను. ఆకు పొడవు, పంక్తుల సంఖ్య, చిల్లుల స్థానము తెలియనివాడు తాళపత్రమును వర్ణింపజాలడు. వీడియో బిళ్లకును అట్టి లక్షణములు కలవు.

వీసీడీ లక్షణములు 1993లో నిర్ణీతమైనవి. ఒక బిళ్లపై సుమారు 74 నిమిషముల చిత్రము పట్టును. ఛోటా భీమ్ సీరియలున అరగంట ప్రసారములో సాధారణముగా పదునొకండు నిమిషముల కథలు రెండు వచ్చుచుండెను. ఆ లెక్కను ఒక వీసీడీపై ఆఱు కథలు ఇముడును. చిత్రము చాల ముతక. ధ్వనికి ఎడమ, కుడి అని రెండు మార్గములు మాత్రమే కలవు. ఒక్కొక్క మార్గమున ఒక్కొక్క భాషను నింపినచో ఒకే బిళ్లపై రెండు భాషలు నిలుపవచ్చును. అంతకు మించి చోటు లేదు. కావున వీసీడీ సహజముగా ఏకభాషా ప్రతి.

1990 దశకపు రెండవ భాగమున వచ్చిన డీవీడీ స్వభావము వేఱు. ఒక పొర గల బిళ్ల 4.7 గిగాబైట్ల సమాచారమును మోయును. చిత్రమొకటే యుండగా దానితో 8 ధ్వనిమార్గములను, 32 ఉపశీర్షిక మార్గములను చేర్చుటకు అవకాశము కలదు. మీట నొక్కినంతనే భాష మాఱును. భాషాశాస్త్రజ్ఞుడు గమనింపవలసిన మఱియొక విషయము కలదు. డీవీడీలోని ఉపశీర్షికలు అక్షరసంకేతములు కావు, అక్షరముల చిత్రములు. కనుక ఏ లిపికైనను యంత్రపరమైన ఆటంకము లేదు. ఒత్తులు, గుణింతములు చెదరవు. ఇంతటి సౌకర్య ముండియు తెలుగు లిపిలో ఉపశీర్షికలు గల బిళ్లలు చాల అరుదు. దీనికి కారణమును యంత్రమునందు కాక వ్యాపారమునందు వెదకవలెను.

వ్యాపారము ప్రపంచమును ప్రాంతములుగా విభజించినది. అమెరికా డీవీడీలకు 1వ ప్రాంతము, భారతదేశమునకు 5వ ప్రాంతము కేటాయింపబడినవి. అమెరికానుండి బంధువులు తెచ్చిన బ్యాట్‌మ్యాన్ డీవీడీ, మార్పు చేయని ఇచ్చటి యంత్రమున ఆడదు. ప్రతి చేతిలో నుండియు పఠింపరాని స్థితి ఇది.

ఈ వ్యాపారములో ఢిల్లీ ప్రాంతమునకు ముఖ్యస్థానము కలదు. 1983లో స్థాపితమైన మోజర్ బేర్ సంస్థకు ఒఖ్లా పారిశ్రామిక ప్రాంతమున కార్యాలయము, నోయిడా, గ్రేటర్ నోయిడాలలో కర్మాగారములు ఉండెను. ప్రపంచమున ఖాళీ బిళ్లలను చేయు పెద్దసంస్థలలో నిది యొకటిగా నుండెను. ఈ సంస్థ గృహవీడియో వ్యాపారమున ప్రవేశించి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మజూపినది. అంతకుముందు అసలు డీవీడీ వందల రూపాయల వస్తువు. దొంగప్రతి ధరకే అసలు ప్రతి దొరకుటతో గుమాస్తా యింటను బిళ్లల వరుస ఏర్పడినది. తెలుగు చలనచిత్రములు ఈ రీతిని విస్తారముగా వెలువడినవి. హైదరాబాదున గ్రీన్ గోల్డ్ సంస్థ తన అంగళ్లలో బొమ్మలు, వస్త్రములు, పుస్తకములతోపాటు భీముని బిళ్లలను అమ్మినది. కాని ఈ వైభవము స్వల్పకాలికము. 2018లో మోజర్ బేర్ సంస్థను మూసివేయుటకు దివాలా చట్టముక్రింద ఆజ్ఞ వెలువడినది.

3. సరోజినీ నగర్

ఈ విచారమునకు హైదరాబాదును గాక ఢిల్లీలోని సరోజినీ నగరును గ్రహించుటకు కారణము కలదు. మాతృభాషా ప్రాంతమున టెలివిజన్ తెఱచినచో తెలుగు దానంతట అదియే వినబడును. శ్రోత దానిని ఎన్నుకొనుట లేదు. పరభాషా నగరమున తెలుగు వినుట ఎన్నిక. ఎన్నిక కలచోటనే భాష విలువ బయటపడును.

సరోజినీ నగర్ స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసముగా వృద్ధిచెందినది. తొలుత ఈ ప్రాంతము వినయ్ నగర్ అని వ్యవహరింపబడెడిది. 1879లో హైదరాబాదున జన్మించిన సరోజినీ నాయుడు పేర నేడు ప్రసిద్ధమై యున్నది. ఇచ్చటి బజారు చవుక దుస్తులకు నగరమంతట పేరు పొందినది. సూపర్‌హీరోల బొమ్మలు అచ్చొత్తిన పిల్లల చొక్కాలు అచ్చట సామాన్యదృశ్యము. బజారు వెనుక వరుసలు వరుసలుగా నుండిన సర్కారు క్వార్టర్లలో దేశములోని అన్ని భాషలవారును కాపురముండిరి. తమిళ, మలయాళ, వంగ కుటుంబముల నడుమ తెలుగు కుటుంబములును ఉండెను.

రాజధానిలో తెలుగు విద్యకై 1948లోనే దుర్గాబాయి ప్రోత్సాహమున ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడినది. దాని పాఠశాలలు నగరమున వేర్వేఱు చోట్ల కలవు. అయినను ప్రతి కాలనీ పిల్లవానికిని తెలుగు బడి అందుబాటులో నుండదు. బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఇంట మాత్రమే తెలుగు. ఇట్టి గృహమున సెలవులకు హైదరాబాదుకో, విజయవాడకో పోయి తిరిగివచ్చునపుడు పచ్చళ్ల సీసాలతోపాటు తెలుగు బిళ్లలును పెట్టెలో చేరుట స్వాభావికము. అవ్వ ఢిల్లీకి వచ్చినపుడు ఆమెకును మనుమనికిని ఉమ్మడిగా అర్థమగు వినోదము తెలుగు ధ్వని గల బొమ్మల కథ. హిందీ ప్రతి ఆమెకు కొఱగాదు. మనుమనికి రెండును సమానములే. కనుక అవ్వ యున్నన్నాళ్లు ఇంటి భాషయే తెఱపై గెలుచును.

ఇట్టి స్థలమున బిళ్ల కేవలము వినోదవస్తువు కాదు. అది లిపి నేర్వని బాలునకు అందిన తెలుగు పుస్తకము. బాలుడు తల్లిదండ్రులనుండి వినునది తన వంశపు మాండలికము, తన యింటి మాటలు మాత్రమే. రాజు మంత్రితో పలుకు తీరు, శత్రువును ధిక్కరించు తీరు, సభలో విన్నవించు తీరు అతనికి ఇంట వినబడవు. ఆ స్థాయిభేదములు అతనికి బిళ్లలోని డబ్బింగు తెలుగు వలననే లభించును. ఆ తెలుగు మంచిదా చెడ్డదా అను ప్రశ్న ఇందుచేతనే ముఖ్యమగుచున్నది.

4. అనువాదకుని ఎదుట నున్న చిక్కులు

బొమ్మల కథకు తెలుగు మాటలు కూర్చువానికి స్వేచ్ఛ తక్కువ. పెదవుల కదలిక, దృశ్యపు నిడివి ముందే నిశ్చితములు. హిందీనుండి తెలుగునకు వచ్చువానికి ఒక సౌలభ్యము కలదు. రెండు భాషలందును క్రియ వాక్యాంతమున నుండును. ఇంగ్లీషునుండి వచ్చువానికి ఈ సౌలభ్యము లేదు. వీరుడు వాక్యము మొదట పలికిన క్రియను తెలుగున చివఱకు జరుపగా, చేతి కదలికకును మాటకును పొత్తు తప్పును. అయినను హిందీనుండి వచ్చుటలో నున్న చిక్కులు సామాన్యములు కావు. వానిలో నాలుగింటిని ఇచ్చట పరిశీలింపవచ్చును.

మొదటిది నామము. తెలుగు అజంతభాష. మహద్వాచకమైన భీమ శబ్దము ప్రథమైకవచనమున భీముడగును, సంబుద్ధిలో భీమా యగును. హిందీ ఉచ్చారణలో తుది అకారము లోపించి భీమ్ అగును. భీమ్ అను హలంతరూపమును నిలిపినచో భీమ్‌కు, భీమ్‌తో అని విభక్తులు అతుకుపెట్టినట్లుండును. భీముడు అనినచో వ్యాపారనామమునకు భంగము కలుగును. పిలుపునందు మాత్రము తెలుగునకు అవకాశము కలదు. భీమా అని పిలుచుట చెవికి హితముగ నుండును, పెదవుల కదలికకు భంగమును స్వల్పము.

రెండవది బంధువాచకము. చుట్కీ తల్లియైన టున్‌టున్ అను లడ్డుల వర్తకురాలిని పిల్లలు మౌసీ అని పిలుతురు. హిందీలో మౌసీ యనగా తల్లికి తోబుట్టువు. పెద్దదా చిన్నదా అను విచారణ లేదు. తెలుగు ఈ విషయమున అనిశ్చయమును సహింపదు. తల్లికి అక్కయైనచో పెద్దమ్మ, చెల్లెలైనచో పిన్ని. రక్తబంధువు కాని పొరుగింటి ఆడుదానిని అత్తయ్యా అనుటయు వాడుకయే. అనువాదకుడు ఏ పదమును గ్రహించిన నొక కొత్త బంధుత్వమును కల్పించినవాడగును. పిన్ని యనినచో చుట్కీ భీమునకు చెల్లెలి వరుస. అత్త యనినచో మేనమఱదలి వరుస. మూలమున లేని ఈ వరుస తెలుగు శ్రోత మనస్సున వెంటనే రూపొందును.

మూడవది సంబోధన. హిందీలో తూ, తుమ్, ఆప్ అని మూడంతరువులు. నిత్యవ్యవహారమున తెలుగునకు నువ్వు, మీరు అని రెండే. కాని ఆ లోటును రా, ఏ, అండీ అను ప్రత్యయములు తీర్చును. ఏమిరా, ఏమే అనునపుడు ఎదుటివారు బాలుడో బాలికయో చెప్పక తీఱదు. వారితో గల చనువును ప్రకటింపక తీఱదు. భీముడు కాలియాను రా అని పిలుచునా, చుట్కీని ఏ అని పిలుచునా, లేక ఆ ప్రత్యయములను మొరటుగా నెంచి విడుచునా అను ప్రశ్నలకు సమాధానము వలన ఆ అనువాదకుని ప్రాంతమును, వర్గమును, బాలభాషను గూర్చిన అతని భావనయు తెలియును.

నాలుగవది అన్నింటికంటె సూక్ష్మమైనది. జగ్గు కోతి. తెలుగున కోతి అమహద్వాచకము, కావున వచ్చినది అనవలెను. కాని జగ్గు మాటలాడును, స్నేహము చేయును, యుద్ధమున తోడ్పడును. వచ్చినాడు అనవలెనా? దీనికి తెలుగు వచనమున పూర్వోదాహరణము కలదు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో హిరణ్యకుడు ఎలుక, కరటక దమనకులు నక్కలు. వారందఱు డుప్రత్యయముతో మహత్తులై సంచరించిరి. ఆ మార్గము ననుసరించినచో జగ్గు వచ్చినాడు అనుట సాధువే. అయినచో మఱియొక విశేషము సంభవించును. తెలుగు ఏకవచనమున స్త్రీవాచకమునకును అమహత్తునకును క్రియారూప మొకటే. హిందీలో చుట్కీకి స్త్రీలింగము, జగ్గునకు పుంలింగము స్పష్టములు. తెలుగున కోతి మహత్తై వచ్చినాడు అనిపించుకొనగా, మిత్రబృందములో బాలికయైన చుట్కీ యొక్కతయే వచ్చింది అని నిలిచిపోవును. ఇది వ్యాకరణమున సహజమేయైనను, మిత్రులందఱును సమానులని బోధించు కథలో దీని ఫలమేమి అను ప్రశ్న అర్థశాస్త్రజ్ఞులు విచారింపదగినది.

ఈ నాలుగు ప్రశ్నలకును ఊహతో సమాధానము చెప్పరాదు. ప్రతి కథకును బిళ్ల నాడించి, విని, వ్రాసికొని నిశ్చయింపవలెను. ఒకే కథకు ప్రసారమున నొక తెలుగు పాఠము, బిళ్లలో మఱియొక పాఠము ఉండవచ్చును. కొన్నియేండ్లకు మఱల డబ్బింగు జరిగి మూడవ పాఠము ఏర్పడవచ్చును. పాఠాంతరములు గల వాఙ్మయమునకు పరిష్కరణ మార్గము తప్ప వేఱు మార్గము లేదు.

5. క్రమము, కర్తృత్వము

పరిష్కర్తకు ఎదురగు రెండు పురాతన ప్రశ్నలు కథల క్రమము, కర్త పేరు. ఈ రెండును వీడియో బిళ్లలయందు మఱల తలయెత్తినవి.

క్రమమునకు బ్యాట్‌మ్యాన్ సీరియలు చక్కని నిదర్శనము. 1992 నుండి 1995 వఱకు వచ్చిన ఈ సీరియలున 85 కథలు కలవు. అవి ప్రసారమైన వరుస వేఱు, నిర్మింపబడిన వరుస వేఱు. మొదట నిర్మితమైన కథ మొదట ప్రసారము కాలేదు. 2004, 2005 సంవత్సరములలో 28, 28, 29 కథలతో మూడు సంపుటములుగా డీవీడీలు వెలువడినపుడు నిర్మాణక్రమము గ్రహింపబడినది. 2018లో ఆ సీరియలు మెఱుగుపెట్టబడి బ్లూరే బిళ్లలపై సమగ్రముగా వచ్చినది. ఆ దేశమున పాఠకుడు ఏ ప్రతి ఏ క్రమము ననుసరించినదో చెప్పగలడు. ఛోటా భీమ్ విషయమున కథలు విడివిడిగా నుండుటచే క్రమమునకు అంత పట్టుదల కనబడదు. ఒక బిళ్లపై ఇమిడిన ఆఱేసి కథలు ఏ సంవత్సరపు ప్రసారమునకు చెందినవో నిర్ణయించు పని పరిశోధకునిపై పడుచున్నది. వేమన పద్యములకు క్రమము లేమి యెట్టిదో, ఇదియు నట్టిదే. పద్యము పద్యమునకు స్వతంత్రమైనపుడు సంకలనకర్తయే క్రమకర్త యగును.

కర్తృత్వము ఇంకను గంభీరమైన విషయము. ప్రబంధకవి ప్రతి ఆశ్వాసాంతమున గద్యలో తన పేరును, తండ్రి పేరును, గురువు పేరును నిలుపుకొనెను. తాళపత్రమునకు ప్రతి వ్రాసిన లేఖకుడును తుదిని తన పేరు, సంవత్సరము, తిథి వ్రాసికొనెను. వీడియో బిళ్లకు అట్టి గద్యను చట్టమే విధించినది. 1957 నాటి కాపీరైటు చట్టమున 1984లో చేర్చిన 52ఎ సెక్షను ప్రకారము వీడియో చిత్రముపైనను దాని అట్టపైనను తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుని పేరు, చిరునామా ఉండవలెను. సెన్సారు సర్టిఫికేటు ఆవశ్యకమైనచోట దాని ప్రతియు ఉండవలెను. ఈ వివరములు పరిశోధకునకు మిక్కిలి ఉపకరించును. సర్టిఫికేటు తేదీ వలన బిళ్ల కాలమునకు పూర్వావధి దొరకును.

కాని ఈ చట్టగద్యలో తెలుగు మాటలు వ్రాసినవాని పేరునకు స్థానము లేదు. మౌసీని పిన్నిగనో అత్తగనో మార్చి, కోతికి మహత్త్వమిచ్చి లక్షలాది బాలుర చెవులలో తెలుగును నింపిన రచయిత పేరును చెప్పవలెనని ఏ నియమమును ఆజ్ఞాపింపలేదు. కథ చివర నడచిపోవు పేళ్లపట్టికలో అతడు కనబడినచో అదృష్టము. కనబడనిచో ఆ రచన అజ్ఞాతకర్తృకము. అనువాద వాఙ్మయ చరిత్రలో ఇంత విస్తారముగా వినబడి, ఇంత పూర్తిగా పేరు లేక పోయిన రచయితలు వేఱొకరు లేరనవచ్చును.

6. రక్షణ

ముద్రిత గ్రంథమునకు రక్షణ కలదు. 1954 నాటి గ్రంథప్రదాన చట్టము ప్రకారము ప్రచురణకర్త ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చట్టమున పేర్కొన్న ఇతర గ్రంథాలయములకును పంపవలెను. వానిలో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ యొకటి. 1956లో వార్తాపత్రికలును ఈ నియమములో చేరినవి. వీడియో బిళ్లలు చేరలేదు. పది రూపాయల బాలల బొమ్మల పుస్తకము నాలుగు గ్రంథాలయములలో నిలువగా, అదే బాలుడు నూఱుసార్లు వినిన తెలుగు పాఠము ఏ ప్రభుత్వ గ్రంథాలయమునందును నిలుచునను నిశ్చయము లేదు.

ఇండ్లలోని ప్రతులు వేగముగా నశించుచున్నవి. కారణములు మూడు. బిళ్లలను ఆడించు యంత్రములు అరుదైనవి. కొత్త కంప్యూటర్లలో పెక్కింటికి బిళ్ల నుంచు అరయే లేదు. రెండవది, అచ్చులో పోసిన బిళ్లకంటె ఇంట నకలు తీసిన బిళ్ల త్వరగా చెడును. దానిలోని రంగుపూత వెలుతురునకు, వేడికి మాఱిపోవును. తెలుగు పాఠము నకలు బిళ్లయందు మాత్రమే మిగిలినచో నష్టము మఱింత త్వరితము. మూడవది, కుటుంబముల చెదరుట. సరోజినీ నగర్‌తో సహా దక్షిణ ఢిల్లీలోని ఏడు సర్కారు కాలనీలను పడగొట్టి బహుళాంతస్తుల భవనములుగా కట్టుటకు 2016లో కేంద్రమంత్రిమండలి ఆమోదము లభించినది. 2018లో చెట్ల నఱకివేతపై ఢిల్లీ హైకోర్టులో వివాదము నడచినది. చెట్లకు వాదించువారు దొరకిరి, అది మంచిదే. పాత క్వార్టరును ఖాళీచేయు గృహిణి అటకపై నున్న బిళ్లల పెట్టెను కబాడీవానికి ఇచ్చునపుడు వలదని చెప్పువా రెవ్వరు?

ప్రసారములు ఇంటర్నెట్టునందు నిత్యము లభించుచుండగా బిళ్లతో పని యేమి అను ఆక్షేపణ కలుగవచ్చును. అచ్చట చూచువానికి చూచు హక్కు మాత్రమే కలదు, ప్రతి అతని చేతికి రాదు. ఏ భాషాధ్వనిని ఉంచవలెనో, ఎప్పుడు తీసివేయవలెనో సంస్థయే నిశ్చయించును. పాత తెలుగు పాఠమును తొలగించి కొత్తది నిలిపిన తేదీ యెచ్చటను నమోదు కాదు. మఱియు 2019లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కిన మైటీ లిటిల్ భీమ్ సీరియలున శిశువైన భీమునకు మాటలే లేవు. అన్ని దేశములలో అమ్ముడగుటకు భాషను తీసివేయుట సులభమైన ఉపాయము. హైదరాబాదున పుట్టిన వీరుడు మొదట హిందీలో కీర్తి గడించి, పిదప తెలుగున డబ్బింగు పొంది, తుదకు మౌనమును ఆశ్రయించినాడు. ఈ మూడవ దశ నుండి చూచినపుడు రెండవ దశలోని తెలుగు బిళ్లల విలువ తెలియును.

కావున విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు చేయదగిన పని స్పష్టము. అందిన ప్రతి బిళ్లకును ఒక వర్ణనపత్రము సిద్ధము చేయవలెను. అందు బిళ్ల జాతి, అచ్చుపోసినదా నకలా అను వివరము, అట్టపై పేర్కొన్న భాషలు, ఆడించి చూడగా లభించిన భాషలు, కథల పేళ్లు, సర్టిఫికేటు తేదీ, తయారీదారుని పేరు, పేళ్లపట్టికలో కనబడిన తెలుగు రచయిత, గాత్రదాతల పేళ్లు నమోదు కావలెను. అట్టపై వ్రాసినదానిని నమ్మి భాషను నిర్ణయింపరాదు. పిదప సంభాషణలను ఉచ్చరించినది ఉచ్చరించినట్లు తెలుగు లిపిలో ఎత్తివ్రాసి, హిందీ పాఠముతో పంక్తి పంక్తికి సరిచూడవలెను. ఎమ్మే విద్యార్థి ఒక వీసీడీలోని ఆఱు కథలను ఒక సెమిస్టరులో పూర్తిచేయగలడు. ఢిల్లీ, అలీగఢ్, కాశీ వంటి పరభాషా ప్రాంతముల శాఖలకు హిందీ ఎఱిగిన తెలుగు విద్యార్థులుండుట ఈ పనికి ప్రత్యేకమైన అనుకూలత.

సి.పి. బ్రౌను వేమన పద్యములను సేకరింపబూనిన కాలమున అవి పండితులచే ఆదరింపబడినవి కావు. చెదరియున్న వ్రాతప్రతులను తెప్పించి, పోల్చి, 1829లో ప్రకటించుట వలన అవి విద్వల్లోకమునకు విచారణీయములైనవి. సేకరణ ముందు, విలువకట్టుట తరువాత అను క్రమము ఆ ఉదంతము వలన తెలియుచున్నది. భీముని తెలుగు మాటలు ఉత్తమములా అధమములా అని తీర్పు చెప్పుటకు ఇంకను కాలమున్నది. వానిని వినుటకు మాత్రము కాలము అల్పము.